నెక్రాషెవిచ్ ఇంటిపేరూ, చేటెడు తవుడూ

పురుళ్ళు పోసే ఉద్యోగంలో చేతులు కడుక్కోవడం అందరూ నేర్పుతారు. నోరెక్కడ మూసుకోవాలో ఎవరూ నేర్పరు. రంగూన్‌లో ఆ పనే చేసి చేసి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాను. మా వీధి ఆడపిల్లలు ఇద్దరు నర్సు చదువుకు వెళుతూ, "పెద్దమ్మా, పుస్తకంలో ఉన్నది వాళ్ళు చెబుతారు. లేనిది నువ్వు రాసిపెట్టు" అన్నారు. బాగానే అడిగారు.

జీతం ఎప్పుడు పెరిగిందో, ఎవరు మెచ్చుకున్నారో రాయను. మెచ్చుకున్నవాళ్ళు తక్కువ, జీతం అంతకన్నా తక్కువ. ఒక్క కాన్పు సంగతి మాత్రం రాస్తాను. అది కష్టమైన కాన్పేమీ కాదు. బిడ్డ సుఖంగా పుట్టాడు, తల్లి క్షేమంగా ఉంది, మా సంచీలు సర్దుకున్నాం. కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. ఇన్నేళ్ళయినా అది గుర్తొస్తే ముందు గుండె జారుతుంది, ఆ వెంటనే "అమ్మయ్య" అనిపిస్తుంది, చివరికి నవ్వొస్తుంది. ఉద్యోగంలో చేరే ముందు మీకు ఆ "అమ్మయ్య" సంగతి తెలియాలి.

పెద్ద డాక్టరమ్మ

మా ప్రసూతి ఆస్పత్రికి పెద్ద, స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ. పొడుగు మనిషి, పొడి మాట. ఆవిడ కాన్పు గదిలో అడుగుపెడితే ముసలమ్మలందరూ మంత్రాలు మింగేసి గోడకు ఒదిగిపోయేవారు. మంచం కింద కొడవలి కనిపిస్తే స్వయంగా వంగి తీసి కిటికీలోంచి విసిరేసేది. బొడ్డుకు పేడ రాస్తే మాత్రం ఆ ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. ఆ అరుపు వల్ల బతికిన పిల్లలు ఎందరో నాకు తెలుసు. ఆ విషయంలో ఆవిడకు ఈనాటికీ చేతులెత్తి దండం పెడతాను.

ఆవిడ మాకు పెట్టిన నియమాల్లో ఒకటి ఇది: బిడ్డను తుడిచి తల్లి చేతికిచ్చేటప్పుడు "ఎంత అందమైన బిడ్డ!" అనాలి. అలసిపోయిన తల్లికి ఆ మాట టానిక్కులాంటిదని ఆవిడ నమ్మకం. బర్మీయులకు బర్మీస్‌లో, హిందుస్తానీ వాళ్ళకు వాళ్ళ భాషలో, మనవాళ్ళకు తెలుగులో. మేం అలాగే అనేవాళ్ళం. మేం అలా అనగానే తెలుగు తల్లి మొహం మాడ్చుకుని, బిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టేది. డాక్టరమ్మ తడిగుడ్డతో తుడిచేసేది. ఆవిడ గుమ్మం దాటగానే తల్లి మళ్ళీ పెట్టేది. ఈ తతంగం ప్రతి ఇంట్లోనూ జరిగేది, ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు.

నా పేరు

ఆస్పత్రిలో నా పేరు తార. అది వాళ్ళు పెట్టింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు తవిటమ్మ.

మాది విశాఖపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. నాన్న రంగూన్ రేవులో బియ్యం మూటలు మోసేవాడు. నాకు ముందు పుట్టినవాళ్ళు ఎవరూ అమ్మకు దక్కలేదు. నేను పుట్టగానే అమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి గడప దాటించింది. పక్కింటావిడ అమ్మ ఒడిలో తవుడు పోసి నన్ను కొనుక్కుంది. అప్పటినుంచి నేను ఆవిడ బిడ్డను. అమ్మ నాకు పాలిచ్చే మనిషి, అంతే. చావు అమ్మను వెతుక్కుంటూ వచ్చినా, ఆవిడ దగ్గర తవుడు తప్ప ఏమీ దొరకదు. మా వైపు ఏ ఊరికెళ్ళినా తవిటయ్యలూ, తవిటమ్మలూ, పెంటయ్యలూ కనిపిస్తారు. అందరూ ఇలా మిగిలినవాళ్ళే.

ఇంగ్లీషు నేర్చుకున్న కొత్తలో ఆ పేరు చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది. తార అని పిలిచినప్పుడు హాయిగా అనిపించేది. చదువు వచ్చిన కొత్తలో అందరికీ కాస్త అలాగే ఉంటుంది లెండి, మీకూ ఉంటుంది.

మిల్లు లైన్లలో గాజుల గొడవ

రంగూన్‌లో చిమిండైంగ్ అనే పేటలో, నది పక్కన ఒక బియ్యం మిల్లు ఉండేది. బస్తాలు మోసేవాళ్ళు, బాయిలరు దగ్గర ఊక ఎగదోసేవాళ్ళు అందరూ మనవాళ్ళే. వాళ్ళుండే ఇళ్ళ వరసల్నే లైన్లు అనేవారు. ఇంజను చూసే ఫిట్టరు మాత్రం తెల్లవాడు. పేరు యాన్. లైన్లలో అందరూ "రష్యా దొర" అనేవారు. అతను ప్రతిసారీ ఓపికగా, "రష్యా నాది కాదు. నాది బెలారూస్. మిన్స్క్ కాడ పల్లి" అని దిద్దేవాడు. మరుసటిరోజు మళ్ళీ రష్యా దొరే.

అతని మాటలు మీరు వినాల్సింది. యుద్ధంలో ఇల్లూ ఊరూ పోగొట్టుకుని, భార్యతో చైనాలో హర్బిన్, షాంఘై, ఆ తర్వాత సింగపూర్ మీదుగా, ఓడల ఇంజను గదుల్లో పనిచేసుకుంటూ రంగూన్ చేరాడు. మిల్లులో చుట్టూ మనవాళ్ళే కనుక ఇంగ్లీషుకన్నా ముందు తెలుగు వచ్చేసింది, అదీ అచ్చం శ్రీకాకుళం తెలుగు. నీలికళ్ళ మనిషి "ఏటి సయామా, ఎలగున్నావు?" అని పలకరిస్తే కొత్తవాళ్ళు నోరు తెరిచేవారు. సయామ అంటే బర్మీస్‌లో నర్సమ్మనో పంతులమ్మనో పిలిచే పిలుపు.

అతని భార్య వోల్హా. సన్నగా, మాటాపలుకూ లేకుండా ఉండేది. ఆమెకు నెలలు నిండుతున్నాయని తెలిసి లైన్లలో ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు. పెద్ద ముత్తైదువు అప్పలనర్సమ్మ నాయకత్వంలో చలిమిడి చేసి, మట్టిగాజులు కొని, బుల్లి చొక్కా కూడా కుట్టి, పాటలు పాడుకుంటూ ఆమె గదికి వెళ్ళారు. పరాయి దేశంలో పుట్టింటి ముచ్చట తీర్చేవాళ్ళు ఎవరున్నారని వాళ్ళ ఉద్దేశం. గాజులు తొడుగుతుంటే వోల్హా బిత్తరపోయి చూసింది. ఆ బుల్లి చొక్కా బయటికి తీయగానే కేకపెట్టి, గాజులు గోడకేసి కొట్టి, అందర్నీ బయటికి నెట్టి తలుపేసుకుంది.

కడుపుతో ఉన్న మనిషి చేతిగాజులు తానే పగలగొట్టుకోవడం మనవాళ్ళు కలలో కూడా చూడరు. అప్పలనర్సమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! ఏటే దీని పొగరు? మన సేతి గాజులు దానికి పనికిరావేటి? ఇంక ఆ గడప తొక్కితే నన్నడగండి!"

ఆ తర్వాత ఎవరూ తొక్కలేదు.

గోడవైపు తిరిగిన తల్లి

వానాకాలం మధ్యాహ్నం వోల్హాకు నొప్పులొచ్చాయి. ఇంతకుముందు ఇద్దరు పిల్లలు పోయారని యాన్ చెప్పి ఉండడంతో డాక్టరమ్మ కూడా నాతో వచ్చింది. ఏ ఇబ్బందీ లేకుండా మగపిల్లవాడు పుట్టాడు. డాక్టరమ్మ వాడిని తుడిచి, తన నియమం ప్రకారం ఇంగ్లీషులో గట్టిగా, "ఎంత అందమైన బిడ్డ!" అంది.

వోల్హాకు ఇంగ్లీషు రాదు కాని, ఆ మాట మాత్రం తెలిసినట్టుంది. కళ్ళు గట్టిగా మూసుకుని గోడవైపు తిరిగింది. అలసటేమో అనుకున్నాం.

మర్నాడు వెళ్ళేసరికి అలాగే ఉంది. బిడ్డను ముట్టుకోలేదు, చూడలేదు. పాలు పడి రవిక తడిసిపోతోంది కాని, పట్టడం లేదు. నేను బిడ్డను పక్కన పడుకోబెడితే మంచం అంచుకు జరిగిపోయింది. డాక్టరమ్మ బతిమాలింది, తర్వాత గద్దించింది. ఆ గోడ సమాధానం చెప్పిందా, ఈమె చెప్పిందా! ఆవుపాలు కాచి నీళ్ళు కలిపి చెంచాతో పోశాం. కక్కేశాడు. ఆ పైన విరేచనాలు పట్టుకున్నాయి.

పసిబిడ్డ గట్టిగా ఏడుస్తున్నంతసేపు భయం లేదు. వీడి ఏడుపు పూటపూటకీ సన్నబడుతోంది. పాలిచ్చే బాలింత ఎవరైనా దొరుకుతుందేమోనని లైన్లకు వెళ్ళి అడిగాను. అప్పలనర్సమ్మ కూతురికి చంటిబిడ్డ ఉంది. ఆవిడ కూతురికి అడ్డంగా నిలబడింది.

"గాజులు పగలగొట్టుకున్న ఇంటికి బాలింతరాలిని అంపుతానేటి? నాకు బయం, సయామా. నీకు దండమెడతాను, అడక్కు."

తిట్టబుద్ధి కాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే మా అమ్మా అదే అనేది. డాక్టరమ్మ బిడ్డను ఆస్పత్రికి మార్చేద్దామని బండి కోసం వెళ్ళింది. ఆ ఏడుపుతో, ఆ వానలో అంత దూరం వాడు తట్టుకుంటాడని నాకు నమ్మకం లేదు. ఆవిడకూ లేదు, వెళ్ళేటప్పుడు నా మొహం చూడలేదు.

అందం లేనివాడు

యాన్ ఇంజను గది మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. చేతిలో నూనెగుడ్డ ఉంది, పని లేదు. ఏం మాట్లాడాలో తెలియక, మనవాళ్ళు ఎక్కడ కలిసినా అడిగేదే అడిగాను.

"పిల్లడికి పేరేటి పెడతారు, దొరా?"

"పేరొద్దు, సయామా. రెండు పేర్లు ఎట్టినాను. ఒకటి హర్బిన్ మట్టిలో ఉన్నాది, ఒకటి సింగపూర్ మట్టిలో ఉన్నాది."

 అయినా వదల్లేదు. "మరి ఇంటిపేరో? మీకూ ఉంటాది కదా?"

"నెక్రాషెవిచ్."

"దానికి అర్తమేటి?"

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "ఎవిచ్ అంటే ఫలానావోడి కొడుకు. ఆడి కొడుకు, ఆడి మనవడు, ఆడి ఓళ్ళందరూ. నెక్రాష్ అంటే అందం నేనోడు."

"అందం లేనోడా? అదేం ఇంటిపేరు, దొరా?"

"తాత సెప్పినాడు. పాతకాలంలో ఒక అమ్మకి పిల్లలు పుట్టీడం, సచ్చిపోడం. ఆకర్న ఒకడు పుట్టినాడు. ఆయమ్మ ఆడికి నెక్రాష్ అని పేరెట్టినాది. సావు వస్తాది, సూస్తాది, ఈ వికారపోడు నాకెందుకని ఎలిపోద్ది. అలగే ఎలిపోనాది. ఆడు బతికినాడు. ఆడి ఓళ్ళమే మేవందరం. ఊళ్ళో నవ్వుతారు. పెళ్ళిలో వోల్హా ఈ పేరుకి ఏడిసినాది."

నేను మెట్టుమీద కూలబడ్డాను. ఎక్కడి మిన్స్క్, ఎక్కడి మా సముద్రపొడ్డు! ఎప్పుడో, ఎవరో మొహం తెలియని ఒక తల్లి మా అమ్మ చేసిన పనే చేసింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మరి వోల్హా ఎందుకు ముట్టుకోదు?"

"డాక్టరమ్మ గట్టిగా అందం అనీసినాది. సావుకి ఇనబడిపోనాది అంటాది. పుట్టకముందే సొక్కా సూపించినారు, అదీ ఇనబడిపోనాది అంటాది. మా కాడ ముందుగా ఏటీ కుట్టరు. నాను ముట్టుకుంటే నా బిడ్డని తెలిసిపోద్ది, తీసుకుపోద్ది అని ఏడుస్తాది."

అదీ సంగతి. ఆమెకు బిడ్డమీద ప్రేమ లేక కాదు. తన చెయ్యి తగిలితే పోతాడని వాడిని తననుంచే దాచిపెడుతోంది.

"దొరా, నా పేరు తార కాదు," అన్నాను. "తవిటమ్మ. లే, చెబుతాను. ముందు మిల్లులోంచి తవుడు పట్రా."

బేరం

తవుడుకేం కరువు, మిల్లు వెనక గుట్టలు. చేట కోసం అప్పలనర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎందుకో చెప్పగానే ఆవిడ చేతిలో పని అలాగే వదిలేసింది.

"పిల్లల్ని పోగొట్టుకున్న తల్లా? ఓలమ్మ, ఆ మాట ముందే సెప్పొద్దేటే! పొగరనుకున్నాం కదే! నడు, నడు. నా సేటే తెత్తాను."

ఆవిడ కదిలితే లైన్లన్నీ కదిలాయి. గది నిండిపోయింది. వోల్హా భయంతో గోడకు అంటుకుపోయింది. యాన్ ఆమె పక్కన కూర్చుని వాళ్ళ భాషలో మెల్లగా చెబుతూ పోయాడు. మధ్యలో నెక్రాష్ అన్న మాట వినిపించింది, తవుడు అన్న మాటా వినిపించింది. ఆమె తల తిప్పి మొదటిసారి నావైపు చూసింది.

బిడ్డను చేటలో పడుకోబెట్టి గడప బయటికి తీసుకెళ్ళాను. అప్పలనర్సమ్మ అమ్మకందారు తరఫున నిలబడింది.

"ఇదిగో, ఒక గుంటడున్నాడు. పనికిరానోడు. ఎవులైనా కొంటారేటి?"

"ఏటి, ఈ కోతిపిల్లా? ముక్కు సూడు, పకోడీలాగ ఉన్నాది. తవుడిస్తాను, అంతకన్నా ఇవ్వను," అన్నాను నేను.

"అదే ఎక్కువ!" అని గుమ్మంలో ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఒకావిడ చెవులకు వంక పెట్టింది, ఒకావిడ ఈ తలకు టోపీ దొరకదంది. యాన్ ప్రతి తిట్టూ శ్రద్ధగా అనువాదం చేస్తున్నాడు. నేను లోపలికి వచ్చి వోల్హా ఒడిలో దోసిళ్ళతో తవుడు పోశాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"దొరా, చెప్పు. బిడ్డ ఇప్పుడు నాది. కాని నాకు పాలు లేవు. నా బిడ్డకి కొంచెం పాలిస్తుందేమో అడుగు."

అతను చెప్పాడు.  వోల్హా తవుడు పక్కకు తోసి, చేతులు దులుపుకుని, చాచింది.

వాడికి మొదట పట్టు దొరకలేదు. రెండోసారి కూడా జారిపోయాడు. తర్వాత పట్టుకున్నాడు. గుటక వేసిన చప్పుడు నాకు వినిపించింది. అప్పలనర్సమ్మ పైకే "అమ్మయ్య" అనేసి, నోరు మూసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. 

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ బండి దిగింది. గది నిండా జనం, మంచం నిండా తవుడు, గుమ్మంలో చేట. నా ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. ఆవిడ అందర్నీ దాటుకుని వచ్చి, పాలు తాగుతున్న బిడ్డను చూసింది. మొహం విప్పారింది, నోరు తెరిచింది.

"డాక్టరమ్మా, మీకు పుణ్యముంటుంది, అందం అనకండి," అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, వోల్హాను చూసింది, తవుడు చూసింది. బుర్ర ఉన్న మనిషి. గొంతు సవరించుకుని, తీర్పు చెప్పే జడ్జిలా, "ఇంత వికారమైన బిడ్డను నా సర్వీసులో చూడలేదు" అంది. యాన్ అది కూడా అనువాదం చేశాడు. వోల్హా నవ్వింది. ఆమె పళ్ళు కనిపించడం నాకు అదే మొదలు.

బయటికి వచ్చాక డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. "మంచం మీద తవుడు ఊడ్పించు, పురుగులు పడతాయి" అంది, అంతే. ఆ వారం నుంచి "అందమైన బిడ్డ" నియమం ఎత్తేసింది. ముందు తల్లి మొహం చూడండి, తర్వాత నోరు తెరవండి అని చెప్పింది.

మీరు పొరపాటుపడకండి. తవుడు బిడ్డను కాపాడలేదు, తల్లిపాలు కాపాడాయి. తవుడు చేసిందల్లా ఆ తల్లికి ధైర్యమివ్వడం. ఎవరైనా బొడ్డుకు పేడ తెస్తే చెయ్యి పట్టుకుని ఆపండి, ఆ ఇంట్లో శత్రువులైనా సరే. చేటలో తవుడు తెస్తే పక్కకు జరిగి చోటివ్వండి. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి నాకు ఇంటిపేరు అర్థం అడగాల్సి వచ్చింది. మీరు ఇంకాస్త ముందే అడగండి.

ఆ రోజు నుంచి ఎవరు పేరడిగినా తవిటమ్మ అనే చెప్పాను.

సేక్కాన్ రేవులో

వాడిని తండ్రి నెక్రాష్ అని, లైన్లన్నీ తవుడు అని పిలిచేవి. రెండింటికీ పలికేవాడు. బాగా పెరిగాడు. మోకాళ్ళు కొట్టుకుపోయేలా ఆడేవాడు, అన్నం అప్పలనర్సమ్మ ఇంట్లో తినేవాడు. వోల్హా మాత్రం ఏ రోజూ వాడిని తనవాడని చెప్పుకోలేదు. నేను వెళితే, నేర్చుకున్న తెలుగులో, "తవిటమ్మా, నీ గుంటడు పడిపోనాడు", "నీ గుంటడు అన్నం తిన్నేదు" అని ఫిర్యాదు చేసేది. వాడికి జ్వరమొచ్చినప్పుడు మాత్రం మరీ గట్టిగా, వీధి చివరికి వినిపించేలా, "నీ గుంటడే!" అనేది. ఎవరికి వినిపించాలని అలా అరిచేదో నాకు తెలుసు. నేనూ అంత గట్టిగానే "అవును, నాదే!" అనేదాన్ని.

యాన్‌కు ఆస్ట్రేలియాలో పని దొరికింది. ఓడెక్కే రోజు సేక్కాన్ జెట్టీకి లైన్లలో సగంమంది వచ్చారు. పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అప్పలనర్సమ్మ వోల్హా ముందు మట్టిగాజులు పట్టుకుంది. వోల్హా రెండు చేతులూ చాచి తొడిగించుకుంది.

తర్వాత నా దగ్గరికి వచ్చి, సంచీలోంచి గుడ్డమూట తీసింది. నా కొంగు పట్టుకుని, మూట విప్పి అందులోకి ఒంపింది. తవుడు. ఎవరూ ఆమెకు ఆ తిరుగు బేరం నేర్పలేదు. తనకు తానే కట్టుకొచ్చింది.

పిల్లవాడి చెయ్యి నా చేతిలోంచి తీసుకుంది. గాజులు గలగలమన్నాయి. వాడి నెత్తిమీద చెయ్యి పెట్టి, రేవంతా వినిపించేలా, భయం లేకుండా అంది:

"నా కొడుకు!"

"పట్టుకుపో తల్లీ," అన్నాను. "ఎలాగూ అందం లేదు."

ఓడ మలుపు తిరిగేదాకా అందరం అక్కడే ఉన్నాం. కొంగులో తవుడు మూటకట్టుకుని ఇంటికి వచ్చాను. దాచుకుందామనిపించింది కాని, తవుడు దాచుకుంటే పురుగు పట్టదూ, డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. పక్కింటి ఆవుకు పెట్టాను. తొట్టి నాకి మరీ తినేసింది.